మా సందులో పొగ ఆపుదామని: నవంబరు నుంచి ఉగాది దాకా ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు 10, 2024, ఆదివారం

కార్తీక మాసం. పొద్దున ఆరింటికి కిటికీ తీస్తే చల్లగాలి రావాలి. వచ్చింది పొగ. సందు మలుపులో బాదం చెట్టు కింద ఊడ్చి పోసిన ఆకుల కుప్ప తెల్లగా పొగలు కక్కుతోంది. గదిలో మా అత్తయ్య మంచం మీద లేచి కూర్చుని ఇన్‌హేలర్ కోసం దిండు కింద తడుముకుంటున్నారు. ఆవిడ ఛాతీలో పిల్లికూతలు గుమ్మం దాకా వినిపిస్తున్నాయి.

మాది విజయవాడలో సింగ్ నగర్ వైపు, బుడమేరుకు దగ్గర. సెప్టెంబరు 1న వచ్చిన వరద మా సందులో నడుం లోతు నిలబడింది. నీళ్లు తీశాక ఇంటింటా తడిసిన పరుపులు, సోఫాలు, పిల్లల పుస్తకాలు రోడ్డు మీద పోసుకున్నాం. బురద ఎండి దుమ్మయింది, స్కూటరు వెళ్లినా లేచేది. ఆ పరుపుల్లో కొన్నిటిని ఎక్కడివక్కడే తగలబెట్టారు. అప్పుడు ఎవరం అడ్డు చెప్పలేదు. చెప్పే ఓపిక ఎవరికీ లేదు. కానీ ఆ నెలలో పడిన అలవాటు అలాగే ఉండిపోయింది. ఆకులైనా, కవర్లైనా, కొబ్బరి పీచైనా, ఏది పోగైతే దానికి అగ్గిపుల్ల.

అందుకే ఇవాళ ఒక నోటు పుస్తకం తీశాను. తేదీ, మంటలు ఎన్ని, ఎక్కడెక్కడ, ఎవరు కాల్చారు, ఏం కాల్చారు. మా సందులో 42 ఇళ్లు. భోగి నాటికి ఈ సందులో రోజువారీ మంట అనేది ఉండకూడదు. అది లక్ష్యం.

నవంబరు 17

వారం లెక్క: 19 మంటలు. ఎక్కువ భాగం తెల్లవారుజామున ఐదున్నర, ఏడు మధ్య. పొగకు అంతకంటే చెడ్డ వేళ ఉండదు. చలికాలం రాత్రి నేల చల్లబడి, నేలను ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. ఎండ ఎక్కేదాకా ఆ మూత లేవదు. ఎండాకాలం మధ్యాహ్నం పెట్టిన మంట పొగ పైకి పోతుంది, ఇప్పుడు పెట్టింది కిటికీల దగ్గరే తచ్చాడుతుంది.

కంటికి కనిపించే పొగ తగ్గాక కూడా అత్తయ్యకు దగ్గు ఎందుకు ఆగడం లేదో నాకు తెలియాలి. అందుకు కొలవాలి. నేను పనిచేసేది పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో కాబట్టి సోల్డరింగ్ కొత్త కాదు. పీఎంఎస్ 5003 అనే సెన్సారు, అంకెల్ని వైఫై ద్వారా ఫోన్‌కు పంపే నోడ్‌ఎంసీయూ అనే చిన్న బోర్డు, పాత ఫోన్ చార్జరు, ఒక ప్లాస్టిక్ డబ్బా. సెన్సారు అగ్గిపెట్టె అంత ఉంటుంది. లోపల చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, ఆ గాలి మీద లేజరు పడుతుంది, కణాలకు తగిలి చెదిరిన వెలుతురును బట్టి లెక్క కడుతుంది. కట్టాలనుకునేవాళ్లకు ఒక మాట: ఫ్యాను తిరగాలంటే 5 వోల్టులు ఇవ్వాలి, కానీ డేటా తీగ మాత్రం 3.3 వోల్టులది. ఆన్ చేశాక మొదటి 30 సెకన్ల అంకెలు వదిలేయాలి. డబ్బాకు చిల్లులు కింది వైపే పెట్టాలి. లేకపోతే వాన నీళ్లు దిగుతాయి.

కొలిచేది పీఎం 2.5. అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే ఇవెంత సన్నవో తెలుస్తుంది. ముక్కులో, గొంతులో ఆగవు, ఊపిరితిత్తుల అడుగు దాకా దిగిపోతాయి. మన దేశ ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 15.

నవంబరు 19

సెన్సారు పెట్టిన చోటు తప్పు. వంటగది కిటికీ పక్కన బిగించాను. ఎవరింట్లో పోపు పెట్టినా అంకె లేస్తోంది. డాబా పిట్టగోడకు మార్చాను.

నవంబరు 24

ఈ వారం ఒక తప్పు చేశాను. రాసి పెట్టాలి.

2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశం ఒకటి ఉంది: ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000. అదే ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా వీధుల్లో, బహిరంగ స్థలాల్లో చెత్త కాల్చకూడదనే చెబుతాయి. ఇదంతా ఎర్ర అక్షరాలతో రాసి సందు మొదట్లో కరెంటు స్తంభానికి అంటించాను, వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాను.

రెండు రోజులు మంటలు లేవు. మూడో రోజు నుంచి రాత్రి పదకొండు తర్వాత మొదలయ్యాయి. ముందు పొద్దున గంటసేపు ఉండే పొగ ఇప్పుడు రాత్రంతా ఉంటోంది. ఎవరు పెట్టారంటే ఎవరూ చెప్పరు. గ్రూపులో ఒకరినొకరు అనుమానించుకోవడం మొదలైంది. కాగితం నేనే చింపేశాను. చట్టం తప్పని కాదు. పొరుగువాళ్లను ముందే దొంగల్లా నిలబెట్టి తర్వాత సాయం అడగడం నా తప్పు.

నవంబరు 27, బుధవారం

ఇవాళ సెలవు పెట్టి పొద్దున ఐదున్నరకే మలుపు దగ్గరికి వెళ్లాను. సందు ఊడ్చే పిన్ని అప్పటికే సగం ఊడ్చేసింది. మా అసోసియేషన్ నెలకింత అని ఇచ్చి పెట్టుకున్న మనిషి. ఆవిడ ఊడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. చీపురు ఒక్కో విసురుకు బాదం ఆకులు గలగలమంటూ జరుగుతున్నాయి. ఒక్కోటి అరచేతికి రెండింతలు ఉంది. కుప్ప మోకాలి ఎత్తు అయ్యాక ఆవిడ పక్కన పడున్న పాల కవరు ఒకటి తీసి, ముడిచి, కుప్ప అడుగున కుక్కింది. అగ్గిపుల్ల గీసి ఆ కవరుకే అంటించింది.

"కవరు ఎందుకు పిన్నీ?"

"మంచు పడి ఆకు మెత్తబడింది కదమ్మా. కవరు లేకపోతే అంటుకోదు."

"అసలు కాల్చడం ఎందుకు?"

ఆవిడ చీపురు మీద చెయ్యానించి నా వైపు చూసింది. "మరి ఏం చెయ్యమంటారు? చెత్త ట్రాక్టరు ఈ సందులోకి పట్టదు, మెయిన్ రోడ్డు మీదే ఆగుద్ది. ఈ ఆకు గోనెల్లో తొక్కితే ఏడెనిమిది సంచులు. అన్ని సార్లు నేను అక్కడిదాకా మొయ్యాలా? మోసినా తడి చెత్త ఇటు, పొడి చెత్త అటు అంటారు. ఈ ఆకు దేంట్లో వెయ్యాలో నాకెవరూ చెప్పలా. ఏడు గంటలకి ఇంకో వీధికి పోవాలి నేను."

మాట్లాడుతుండగానే పొగ మా ఇద్దరి మీదికీ వచ్చింది. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. రోజూ ఈ పొగను అందరికంటే దగ్గరగా పీల్చేది ఆవిడే. ఇన్ని రోజులుగా నా పుస్తకంలో "ఎవరు కాల్చారు" అన్న గడి పెట్టుకుని తిరుగుతున్నాను. ఇవాళ ఆ గడి కొట్టేసి "ఎందుకు కాల్చాల్సి వచ్చింది" అని రాసుకున్నాను. ఆకులకు మా సందులో చోటు లేదు. అగ్గిపుల్ల ఒక్కటే వాటికి దారి చూపిస్తోంది. కాల్చొద్దని చెప్పే ముందు ఎక్కడ వేయాలో చూపించాలి.

డిసెంబరు 1

మొదటి ఆకుల గూడు కట్టాం. చాలా తేలిక. 4 అడుగుల ఎత్తున్న ఇనుప మెష్ 10 అడుగులు కొని, గుండ్రంగా చుట్టి, తీగతో కుట్టేస్తే దాదాపు 3 అడుగుల వెడల్పు గూడు వస్తుంది. అడుగున ఎండు కొమ్మలు పరిచాం, గాలి ఆడడానికి. దాని మీద అడుగు మందం ఆకులు, మీద పేడనీళ్లు, ఒక గంపెడు మట్టి, కూరగాయ తొక్కలు. మళ్లీ ఆకులు. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ, అందుకే వాటంతట అవి కుళ్లడానికి ఏడాది పడుతుంది. ఆ నత్రజని పేడలో, పచ్చి తొక్కల్లో దొరుకుతుంది. పేడ కోసం వెతకనక్కర్లేకపోయింది. రెండు సందుల అవతల గేదెలున్న బాబాయి గారు బక్కెట్టు పట్టుకెళ్తే నింపి పంపారు.

గూడును బాదం చెట్టుకు నాలుగు అడుగుల దూరంలోనే పెట్టాం. పిన్ని ఊడ్చి పోసే చోటికి పది అడుగులు. ఇది నేను పట్టుబట్టిన విషయం. కొందరు ఖాళీ స్థలం చివర పెడదాం, అందంగా ఉండదు అన్నారు. అక్కడ పెడితే ఆవిడ మళ్లీ మోయాలి, మళ్లీ అగ్గిపుల్లే.

డిసెంబరు 8

అభ్యంతరాలు వచ్చాయి. అన్నిటికంటే పెద్దది పాములు. వరదలో ఇళ్లలోకి పాములు వచ్చిన ఊరు ఇది. ఆకుల కుప్ప అంటే ఆ భయం ఉండడం న్యాయమే, తేలిగ్గా తీసేయలేదు. గూడును గోడకు ఆనించకుండా అన్ని వైపులా నడవగలిగేలా జరిపాం, చుట్టూ అడుగు వెడల్పు నేల ఎప్పుడూ ఊడ్చి ఉంచుతామని ఒప్పుకున్నాం. పైన పాత దోమతెర ముక్క కప్పాం.

రెండోది వీధి చివరి పెద్దాయన అడిగింది. "ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ బొగ్గు కాలుస్తోంది, హైవే మీద లారీలు పోతున్నాయి, మన ఆకులే దొరికాయా అమ్మా?" ఆయనన్నది నిజమే. ఊరి గాలి మొత్తానికి మా సందు ఎంత? గాలి ప్రమాణాలు అందుకోని నగరాల కోసం 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో విజయవాడ ఉంది. మన రాష్ట్రం నుంచి అలాంటివి 13 నగరాలు. బొగ్గు పొగ, లారీల పొగ తగ్గించడం ప్రభుత్వాలు చేయాల్సిన పనులు, మనం అడగాల్సిన పనులు. కానీ అక్కడి పొగగొట్టం ఆకాశంలో ఉంది, దాని పొగ ఎంతో పలచబడి గానీ కిందికి రాదు. మన కుప్ప పొగ అత్తయ్య కిటికీ ఎత్తులోనే లేస్తోంది. ఆయన్ను డాబా మీదికి తీసుకెళ్లి ఫోన్‌లో గ్రాఫు చూపించాను. నవంబరు 23 రాత్రి పది దాకా అంకె 70 దగ్గర ఉంది. మంట పెట్టాక అరగంటలో 300 దాటింది. తెల్లవారి ఎనిమిదింటికి గానీ 100 కిందికి దిగలేదు. ఆయన చాలాసేపు చూశారు. "ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు" అన్నారు. వచ్చే ఆదివారం వస్తానన్నారు.

డిసెంబరు 15

గూడు పనిచేయడం లేదు. చెయ్యి పెడితే వేడి లేదు. కర్రతో కెలికి చూస్తే బాదం ఆకులు విస్తరాకుల కట్టలాగా ఒకదానికొకటి అతుక్కున్నాయి. పైన పోసిన నీళ్లు పైనే ఆగాయి, అడుగున అంతా పొడి.

మాట ఇచ్చినట్టే వచ్చిన పెద్దాయన చూసి నవ్వారు. ఉయ్యూరు దగ్గర వ్యవసాయం చేసిన మనిషి. "నూర్చాలమ్మా వీటిని" అన్నారు. టార్పాలిన్ పరిపించి, ఆకులన్నీ దాని మీద పోయించి, పిల్లల్ని ఎక్కించి తొక్కించారు. తనూ కర్ర పట్టుకుని, వరి కుప్ప నూర్చినట్టే వరసగా కొడుతూ వెళ్లారు. గంటలో అరచేతులంత ఆకులు నాణేలంత ముక్కలయ్యాయి. గూడు నిండా ఉన్నది సగానికి దిగింది. తడి ఎంతుండాలో కూడా ఆయనే చూపించారు: గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిండితే వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి. కారితే ఎక్కువ, అసలు రాకపోతే తక్కువ.

డిసెంబరు 19

పొద్దున కుప్ప మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. రెండు సెకన్లలో తీసేశాను. అంత వేడి. తీసిన చోట నుంచి ఆవిరి లేచింది. దూరం నుంచి చూసిన పక్కింటి అమ్మాయి మంట అనుకుని చెంబుతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. దగ్గరికి పిలిచి వాసన చూడమన్నాను. వాన పడ్డ మట్టి వాసన.

డిసెంబరు 22

వారం లెక్క: 6 మంటలు. ఆరూ ప్లాస్టిక్, ఆకులు లేవు.

అయినా సెన్సారు అంకె ఈ వారం రెండు పొద్దులు 200 దాటింది, చుట్టుపక్కల మంట లేకుండానే. రోజంతా టెన్షన్ పడ్డాను. తర్వాత అర్థమైంది: ఆ రెండు రోజులూ దట్టంగా మంచు. గాలిలో తేమ బాగా పెరిగితే కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, ఇలాంటి చవక సెన్సార్లు ఎక్కువ చూపిస్తాయి. సమీర్ యాప్‌లో నగరంలో గాలిని కొలిచే ప్రభుత్వ కేంద్రాల లెక్కలతో పోల్చి చూసుకున్నాను. ఇకపై మంచు ఉన్న పొద్దుల అంకెల పక్కన చుక్క పెడుతున్నాను, ఎవరికీ చూపించను. ఒక్కసారి తప్పు అంకె చూపించి భయపెడితే, తర్వాత సరైన అంకెనూ నమ్మరు.

జనవరి 5, 2025

భోగికి ఎనిమిది రోజులు. కుర్రాళ్లు పంక్చర్ షాపు నుంచి మూడు పాత టైర్లు తెచ్చి బాదం చెట్టు కింద పెట్టారు.

టైరు రబ్బరు గట్టిపడడానికి గంధకం కలుపుతారు. కాలిస్తే ఆ గంధకం గొంతును కోసే వాయువు అవుతుంది, నల్ల మసిలో ఒంటికి పడని నూనెలు చాలా ఉంటాయి. ఇదంతా చెప్పాను. "ఏడాదికోసారి కదక్కా" అన్నారు. "టైరు లేకపోతే మంట పైకి లేవదు, పక్క సందు వాళ్లకి కనపడదు" అన్నారు. నా దగ్గర ఇంకో మాట లేదు.

అప్పుడు అత్తయ్య గేటు పట్టుకుని నిలబడ్డారు. వరద తర్వాత ఆవిడ గేటు దాకా రావడమే తక్కువ. "ఒరేయ్, నాకు భోగి మంట చూడాలనుంది రా" అన్నారు. "మా ఊళ్లో ధనుర్మాసం మొదలు కాగానే పేడ తెచ్చి చిన్న చిన్న పిడకలు చేసి, మధ్యలో చిల్లు పెట్టి ఎండబెట్టేవాళ్లం. దండ గుచ్చి భోగి రోజు మంటలో వేసేవాళ్లం. మీరు టైరు వేస్తే నేను తలుపులన్నీ వేసుకుని లోపల కూర్చోవాలి. ఈసారి బయట కూర్చుంటా, కుర్చీ వేయండి."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక కుర్రాడు, "పేడ ఎక్కడ దొరుకుద్ది మామ్మా?" అని అడిగాడు. బక్కెట్టు నేనే ఇచ్చాను.

జనవరి 13, భోగి

నాలుగున్నరకే లేచాం. కుర్రాళ్లు వరదలో పాడైన తలుపులు, గుమ్మాలు పోగు చేశారు. నిన్న సాయంత్రం అన్నీ తిరగేసి రంగు వేసినవి, ప్లైవుడ్‌వి పక్కన పెట్టించాను. రంగులు, జిగురు కాలితే అదీ విషమే. మిగిలింది నికార్సైన టేకు, వేప చెక్క, బాగా ఎండింది. ఎండు చెక్క చురుకుగా మండుతుంది, పొగ తక్కువ. ఆకుల కుప్ప అయితే అడుగున తడికి గాలాడక గంటల తరబడి రాజుతూ ఉంటుంది.

పిల్లలు దండలు మెడలో వేసుకుని వచ్చారు. కొన్ని పిడకలు వంకర, కొన్నిటికి చిల్లు పక్కకు పోయింది. ఒక్కొక్కరే మంట చుట్టూ తిరిగి వేశారు. అత్తయ్య పొగ తగలకుండా గాలి వచ్చే వైపున కుర్చీలో, శాలువా కప్పుకుని. ముప్పావు గంట తర్వాత కుర్రాళ్లే నీళ్లు పోసి పూర్తిగా ఆర్పేశారు, రాజుతూ ఉండకుండా.

సెన్సారు 180 చూపించింది. భోగి మంటకు పొగే లేదని నేను చెప్పను. ఎనిమిదింటికి మామూలుకు వచ్చింది. టైర్లు మూడూ పంక్చర్ షాపుకు తిరిగి చేరాయి. అత్తయ్య ఇవాళ ఇన్‌హేలర్ ఒక్కసారే వాడారు.

ఫిబ్రవరి 9

కానుగ చెట్లు ఆకు రాలుస్తున్నాయి. రెండో గూడు కట్టాం. కానుగ ఆకు పలచన, నూర్చే పని లేదు. వారం లెక్క: 2 మంటలు.

మార్చి 16

మొదటి గూడు విప్పాం. ఇసుక జల్లెడ తెచ్చి ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని ఊపాం. కిందికి నల్లగా, టీ పొడిలా రాలింది. పైన బాదం కాడలు, కొన్ని గింజలు, ఒక పిల్లాడి గోళీ మిగిలాయి. కాడల్ని రెండో గూడులో వేశాం. మొత్తం నాలుగు గోనె సంచులు వచ్చింది. నాలుగు అడుగుల గూటిని డిసెంబరు నుంచి ఎన్ని సార్లు నింపామో లెక్కే లేదు, అదంతా నాలుగు సంచులైంది.

మొదటి సంచి పిన్నికి ఇచ్చాం. వాళ్లింటి ముందు బంతి, గోంగూర వేసింది. ఇంకోటి పేడ ఇచ్చిన బాబాయి గారికి. ఆయన తీసుకోనన్నారు, "నా పేడే నాకిస్తారా?" అంటూ చివరికి కరివేపాకు మొక్కకు రెండు దోసిళ్లు వేయించుకున్నారు.

పిన్ని ఇప్పుడు ఏడింటికి పది నిమిషాల ముందే పని ముగించుకుంటోంది. కుప్ప అంటుకునేదాకా కాపలా కాయక్కర్లేదు కదా అంది. అసోసియేషన్ మీటింగులో ఆవిడ జీతం పెంచమని అడిగాను. నెలకు 500 పెంచారు. ఆకులు నూర్చడం, గూడు కెలకడం ఆవిడ పని కాదని, ఆదివారం మా అందరి పని అని కూడా రాయించాను.

మార్చి 30, ఉగాది

పచ్చడికి వేప పువ్వు మా సందు చెట్టుదే కోశాం. మొన్నటిదాకా దాని కింద కూడా చెత్త కాల్చేవాళ్లు. ఒక వైపు కొమ్మలు మాడి ఉండేవి, ఆ వైపున ఈసారి చిగురు కనిపిస్తోంది.

మిగిలి ఉన్నది: సందు మొదట్లో టిఫిన్ బండి దగ్గర రాత్రి పూట కాగితం ప్లేట్లు, కవర్లు కాలుతూనే ఉన్నాయి. వారానికి రెండు మూడు. అతన్ని నిన్న అడిగాను. రాత్రి పదకొండుకు బండి కట్టేస్తాడు, చెత్త బండి వచ్చేది పొద్దున ఏడింటికి, ఈ లోపు కుక్కలు లాగి రోడ్డంతా చేస్తాయి, అందుకే కాలుస్తానన్నాడు. మూత ఉన్న డబ్బా ఒకటి కావాలి, పొద్దున దాన్ని బండి దాకా చేర్చే మనిషి కావాలి. డబ్బా పెద్దాయన ఇస్తానన్నారు. మనిషి సంగతి వచ్చే ఆదివారం మాట్లాడుకోవాలి.

డాబా మీద సెన్సారు ఫ్యాను గరగరమంటోంది. ఊడదీసి బ్రష్‌తో దుమ్ము దులపాలి.